విరమించిన యుద్యోగులు – సామూహిక బీమా

ప్రభుత్వపు కొలువున ముప్పది, ముప్పదియైదేండ్లు పనిచేసి విరమించు నుద్యోగికి పూలదండ వేసి, సన్మానపత్రము చదివి, శాలువ కప్పి యింటికి సాగనంపుట మన పట్టణములలో నాచారమై యున్నది. ఆ సాయంకాలపు సభలో ఎన్నియో మంచిమాటలు చెప్పుదురు. చెప్పని మాట మాత్ర మొకటి గలదు. ఇన్నియేండ్లు నెలనెల జీతము నుండి చందా కోసికొని యాతని కుటుంబమునకు కల్పించిన సామూహిక బీమా రక్షణము ఆ దినముతోనే ముగియుచున్నది. మరణభయ మంతంతమాత్రమైన ప్రాయమున రక్షణ ముండెను. ఆ భయము నిజముగా సమీపించు వయస్సున రక్షణము తొలగిపోవును. వేసవి యంతయు కాపాడిన చెఱువుగట్టును వఱద వచ్చు నాటికి విడిచిపెట్టినట్లున్న యీ యేర్పాటును గూర్చి నేడు మా పాఠకులతో కొంత ముచ్చటింపదలచితిమి.

ముందుగా సామూహిక బీమా యన నేమో తెలిసికొనుట యవసరము. ఒంటరిగా పాలసీ తీసికొనువానిని బీమా కంపెనీ వైద్యునిచే పరీక్షింపించును, వయస్సు నడుగును, వ్యాధుల నడుగును, రోగి యైనచో త్రోసిపుచ్చును, లేక హెచ్చు రుసుము పుచ్చుకొనును. ఒక కచేరీలోని వారందఱును, ఒక శాఖలోని వారందఱును నిర్బంధముగా చేరినపుడు అట్టి పరీక్షతో పనిలేదు. యువకులును, పెద్దలును, బలిష్ఠులును, రోగులును ఒక్క పద్దున చేరుటవలన నష్టము సరాసరిగా పంచుకొనబడును. ఇది మన గ్రామములకు క్రొత్త కాదు. చెఱువు మరమ్మతునకు ఆయకట్టుదారు లందఱును ఎకరమున కింత యని వేసికొనుట లేదా? గండి ఎవని పొలము ప్రక్క పడునో యెవరికిని తెలియదు. కావుననే యందఱును చెల్లింతురు. తెలిసినపిమ్మట చెల్లింపగోరువాడు ఒక్కడే యుండును. వాని సొమ్ముతో గండి పూడదు.

బీమా మన దేశమునకు, అందును మన యాంధ్రులకు, పరాయి విద్య కాదు. 1884 ఫిబ్రవరి 1వ తేదీన తపాలాశాఖ తన నౌకరుల కొఱకు జీవిత బీమా నారంభించెను. 1894లో ఆ శాఖలోని స్త్రీలకును ఆ సౌకర్యము కలిగించెను. ఆ దినములలో స్త్రీల ప్రాణములకు బీమా నిచ్చు కంపెనీలు మన దేశమున లేకుండెను. హైదరాబాదు సంస్థానమున 1907లోనే ప్రభుత్వోద్యోగుల కుటుంబముల కొఱకు ఒక నిధి యేర్పడెను. ఆ నిధియే క్రమముగా రాష్ట్ర జీవిత బీమా నిధియై, 1956 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జీవిత బీమా శాఖయై, 2014 విభజనానంతరము రెండు రాష్ట్రములందును వేర్వేరుగా నడచుచున్నది. ఇక బందరున డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్ష్యూరెన్సు కంపెనీని స్థాపించుట మా పాఠకు లెఱిగినదే. మన సొమ్ము మన చేతనే కూర్పబడి మన కుటుంబములనే కాపాడవలె నన్న దృష్టి ఆ యుద్యమమునకు ప్రాణము. 1956లో జీవిత బీమా జాతీయము చేయబడినపుడు ఇట్టి దేశీయ కంపెనీలు జీవిత బీమా సంస్థలో లీనమయ్యెను.

ప్రభుత్వోద్యోగుల సామూహిక బీమా నేటి రూపమున కేంద్ర ప్రభుత్వమున 1982 జనవరి 1 నుండియు, ఆంధ్రప్రదేశమున 1984 నవంబరు 1 నుండియు అమలునకు వచ్చినది. ఆంధ్రప్రదేశమున అంతకుముందున్న కుటుంబ సహాయ నిధి స్థానమున నిది యేర్పడెను. ఈ పథకములందు ఉద్యోగి చందా రెండు పాళ్లుగా చీలును. ఒకపాలు బీమా నిధికి, రెండవపాలు పొదుపు నిధికి. కేంద్ర పథకమున నూటికి 30 వంతులు బీమాకు, 70 వంతులు పొదుపునకు పోవుచున్నవి. ఉద్యోగి కొలువునం దుండగా మరణించినచో కుటుంబమునకు బీమా మొత్తమును, పొదుపును రెండును ముట్టును. బ్రదికి విరమించినచో పొదుపును దాని వడ్డీయు మాత్రమే చేతికి వచ్చును. ప్రభుత్వము తన బొక్కసము నుండి ఇందు చందా వేయదు. కావున నిది ప్రభుత్వపు దయాధర్మము కాదు. ఉద్యోగులు తమ్ము తాము కాపాడుకొనుట. ప్రభుత్వము ధర్మకర్త మాత్రమే.

ఈ యేర్పాటున రెండు లోపములు గలవు. మొదటిది మొత్తము యొక్క స్వల్పత. కేంద్రమున 1990 జనవరి 1 నుండి అమలులో నున్న చందాలు మొదటి తరగతి యుద్యోగికి నెలకు 120 రూపాయలు, రెండవ తరగతికి 60, మూడవ తరగతికి 30, నాలుగవ తరగతికి 15 రూపాయలు. బీమా మొత్తములు వరుసగా 1,20,000, 60,000, 30,000, 15,000 రూపాయలు. 1990లో కేంద్రోద్యోగి కనిష్ఠ మూలవేతనము 750 రూపాయలు. 15,000 రూపాయలన నాటి కది 20 నెలల జీతము. ఒక కుటుంబము పిల్లవాని చదువు ముగియువఱకు దాని నాధారము చేసికొన గలిగెడిది. తరువాత నాలుగవ తరగతి మూడవ తరగతిలో కలిసిపోయెను. 2016 నుండి కనిష్ఠ మూలవేతనము 18,000 రూపాయలు. 30,000 రూపాయలన రెండునెలల జీతము కూడ కాదు. ధాన్యపు ధర పెరిగినది, కూలి పెరిగినది, ఇంటియద్దె పెరిగినది, జీతము పెరిగినది. మరణించినవాని కుటుంబమునకు కట్టిన వెల మాత్రము కదలలేదు.

ఇట్లేల జరిగెనని యడుగువా రుందురు. ఏడవ వేతన సంఘము దీనిని సవరింప జూచెను. దిగువ శ్రేణులకు నెలకు 1,500 రూపాయల చందాతో 15 లక్షలు, నడుమ శ్రేణులకు 2,500తో 25 లక్షలు, పై శ్రేణులకు 5,000తో 50 లక్షలు బీమా కల్పింపవలెనని సూచించెను. 30 రూపాయలు చెల్లించువానిని ఒక్కసారిగా 1,500 చెల్లింపు మనుట చిన్నయుద్యోగికి పెనుభారమే. 2016 జూనులో కేంద్రమంత్రివర్గ మా హెచ్చింపును తిరస్కరించి, పాత చందాలనే నిలిపెను. దానివలన దిగువ శ్రేణుల వారి చేతికి నెలకు 1,470 రూపాయలు మిగులునని ప్రకటించెను. స్వల్ప చందాతో హెచ్చు రక్షణ మిచ్చు వేఱొక పథకమును రూపొందింపవలసినదిగా ఆర్థిక శాఖను కోరెను. తిరస్కరించుటకు కారణ ముండెను. దాని వలన మిగిలిన దేమన, 1990 నాటి లెక్కయే.

రెండవ లోపము మేము మొదట చెప్పినది. మా దృష్టిలో నింతకంటె గొప్పది. ఇద్దఱు గుమాస్తా లున్నారనుకొందము. ఇద్దఱు నొక్కనాడే చేరిరి. ఒక్క చందాయే చెల్లించిరి. ఇద్దఱును జనవరి మాసాంతమున విరమింపవలసినవారు. మొదటివాడు జనవరి 30న గుండెపోటుతో మరణించెను. రెండవవాడు సన్మానసభ జరిపించుకొని ఫిబ్రవరి 2న మరణించెను. మొదటివాని భార్యకు పొదుపుతో బాటు బీమా మొత్తము వచ్చును. రెండవయామెకు పొదుపు తప్ప చిల్లిగవ్వ రాదు. చెల్లించిన చందా యొక్కటియే, పడిన కష్ట మొక్కటియే, వైధవ్య మొక్కటియే. భేద మంతయు మూడుదినములలో నున్నది. బీమాశాస్త్ర మెఱిగినవారు ఏదో యొక దినమున గీత గీయక తప్పదందురు. మేమును కాదనము. ఆ గీత నీ తావుననే, ఇంత నిట్టనిలువుగా గీయవలసిన యక్కఱ యున్నదా యనుటయే మా ప్రశ్న.

ఇది యుద్యోగులకు మాత్రమే సంబంధించిన చిక్కు కాదు. సామాన్య ప్రజల కొఱకు 2015లో వచ్చిన ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా 50 ఏండ్లలోపు వారిని చేర్చుకొని 55 ఏండ్లతో ముగియును. తెలంగాణమున 2018 ఆగస్టు 15న ఆరంభమైన రైతుబీమా 5 లక్షల మేలైన రక్షణ నిచ్చినను 18 నుండి 59 ఏండ్ల లోపలి రైతులకే వర్తించునట్లు ఏర్పడెను. అరువది దాటిన రైతు అరక పట్టుట మానుచున్నాడా? భూమి పట్టా వాని పేరనే యున్నది, అప్పుపత్రము వాని పేరనే యున్నది, బీమా మాత్రము లేదు. మన సామూహిక బీమా లన్నియు ముసలితనపు గుమ్మముకడ ఆగి వెనుకకు తిరుగుచున్నవి.

పింఛనుదారునకు బాధ్యతలు తీరియుండును గదా, పిల్లలు స్థిరపడియుందురు గదా, బీమా యేల యని కొందఱు వాదింతురు. ఒక తరము క్రింద నీ మాటకు కొంత బలముండెను. నేడు విరమించు నుద్యోగి యింట చదువు ముగిసియు పనిదొరకని కుమారుడు, పెండ్లి కాని కుమార్తె, తీరని యింటి యప్పు ఉండుట తఱచు చూచుచున్నాము. పింఛనులో కొంతభాగము నమ్ముకొని మొత్తముగా తీసికొనుటయు కలదు. ఇక భర్త మరణించినపిమ్మట భార్యకు వచ్చునది తక్కువ. కేంద్ర నియమముల ప్రకారము ఆఖరి వేతనములో సగమగు పింఛను, విరమించినవాడు మరణించిన పిమ్మట ఏడేండ్లవఱకో, ఆతనికి 67 ఏండ్లు నిండవలసిన దినమువఱకో, ఏది ముందైన నంతవఱకే ఆ తీరున సాగి, పిదప నూటికి 30 వంతులకు దిగును. ఇంటియద్దె మాత్రము నూటికి 30 వంతులకు దిగదు. కడపటి వ్యాధికి చేసిన యాసుపత్రి యప్పులును దిగవు. భర్త కర్మకాండ ముగియకమున్నే అప్పులవాడు వాకిట నిలుచు సంసారములు మన యెదుటనే యున్నవి.

ఇంతకుమించిన విషయ మొకటి రానున్నది. కేంద్రమున 2004 జనవరి 1 నుండియు, ఆంధ్రప్రదేశమున 2004 సెప్టెంబరు 1 నుండియు కొలువున చేరినవారికి పాత పింఛను లేదు. చందా నిధిని బట్టి వచ్చు పింఛనే. కేంద్రోద్యోగులకు 2025 ఏప్రిలు 1 నుండి మఱియొక పథకము నెంచుకొను వెసులుబాటు కలిగినది. ఐనను ఈ తరమువారు పెద్దసంఖ్యలో విరమించు నాటికి, నిధి చాలనివాని భార్యకు బీమాయే తొలి యాధారము కావలసి వచ్చును. ఆ దినము వచ్చినపిమ్మట పథకమును వెదకుకొనుటకంటె, దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనుట మేలు.

ఇతర దేశముల యనుభవ మేమి చెప్పుచున్నది? అమెరికా సంయుక్తరాష్ట్రములు తమ కేంద్రోద్యోగుల సామూహిక జీవిత బీమాను 1954లో చట్టముచే నెలకొల్పినవి. అందు మూలబీమా ఖర్చులో మూడవవంతు ప్రభుత్వమే భరించును. మనకు ముఖ్యమైన దేమన, విరమణతో ఆ బీమా తెగిపోదు. విరమణకు ముందు వరుసగా ఐదేండ్లు బీమాయం దుండి, పింఛనుతో విరమించినవాడు దానిని కొనసాగించుకొనవచ్చును. అతడు సాధారణపు టేర్పాటు నెంచుకొన్నచో, 65 ఏండ్లు దాటినపిమ్మట చందా చెల్లింప నక్కఱ లేదు. బీమా మొత్తము నెలకు నూటికి రెండు చొప్పున తగ్గుచు వచ్చి, నాలుగవవంతుకడ నిలిచి, ఆతడు జీవించియున్నంత కాలము అట్లే యుండును. ఎక్కువ మొత్తము నిలుపుకొన గోరువాడు హెచ్చు చందా చెల్లించుకొనును. ఇందలి తెలివి గమనింపదగినది. గోడవలె నిలువునా దిగక, మెట్లవలె దిగుచున్నది. అంత్యక్రియలకు, అప్పులకు, మొదటి సంవత్సరపు బ్రదుకునకు చాలినంత సొమ్ము కుటుంబమునకు మిగులుచున్నది.

అమెరికాలో నున్నదెల్ల మనకు ఒజ్జబంతి యని మా యభిప్రాయము కాదు. మన పొరుగువారినే చూతము. తమిళనాట ప్రభుత్వ పింఛనుదారుల కుటుంబభద్రతా నిధి యొకటి గలదు. పింఛను నుండి నెలనెల చందా కోసి, పింఛనుదారు మరణించినపుడు కుటుంబమునకు 50,000 రూపాయలు ముట్టజెప్పు నేర్పాటది. మొత్తము పెద్దది కాదు. ఐనను విరమించినవారు తమలో తాము సామూహికముగా రక్షణ కల్పించుకొనవచ్చు ననుటకు నిదర్శనము. కేరళమున 2022 జూలై 1న ఉద్యోగులను, పింఛనుదారులను ఒక్క వైద్యబీమాయందే చేర్చిరి. ఆరంభమున నెలకు 500 రూపాయల చందా, ఏటికి 3 లక్షల వైద్యము. యువకులను వృద్ధులను వేఱుచేయక ఒక్కపద్దున నుంచుటయే యందలి కీలకము. వృద్ధులను మాత్రమే ఒక గుంపుగా చేసి బీమా నడుగుట, గండిపడిన పొలము వారిని మాత్రమే చెఱువు మరమ్మతునకు పిలిచినట్లుండును.

వైద్యరక్షణ విషయమున ఇటీవల కొంత మేలు జరిగినదని యొప్పుకొనవలెను. 2024 అక్టోబరు నుండి 70 ఏండ్లు నిండిన పౌరులందఱికిని ఆయుష్మాన్ భారత్ క్రింద కుటుంబమునకు 5 లక్షల వైద్యము లభించు నేర్పాటు జరిగెను. వృద్ధుల వైద్యబీమా రుసుమును ఏటికి నూటికి పదికి మించి హెచ్చింపదలచిన కంపెనీలు ముందుగా తనను సంప్రదింపవలెనని బీమా నియంత్రణసంస్థ 2025 జనవరిలో ఆజ్ఞాపించెను. అట్లే 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తులు విడిగా తీసికొను జీవిత, వైద్య బీమాలపై వస్తుసేవల పన్ను తొలగింపబడెను. సామూహిక పాలసీల కా మినహాయింపు వర్తింపకపోవుట మాత్రము మాకు వింతగా నున్నది. విడిగా బీమా కొనగలవానికి పన్ను లేక, సంఘముగా కూడి కొను పింఛనుదారులకు నూటికి 18 పన్ను పడుట న్యాయమేనా?

ఇక ఖర్చు మాట. విరమించినవారికి బీమా నిచ్చుట సాధ్యమా యని లెక్క వేసి చూతము. కేంద్ర పథకమున బీమా పాలు వేయి రూపాయల రక్షణమునకు ఏటికి 3 రూపాయల 60 పైసలు. ఇది కొలువులోనివారి మరణసంఖ్యను బట్టి కట్టినది. వృద్ధులలో మరణములు హెచ్చు. అందు సందేహము లేదు. ఉదాహరణమునకు వేయిమంది పింఛనుదారులలో ఏటికి ఇరువదిమంది మరణింతు రనుకొందము. ఒక్కొక్క కుటుంబమునకు లక్ష రూపాయలిచ్చినచో వ్యయము 20 లక్షలు. వేయిమందికి పంచగా తలకు ఏటికి 2,000, నెలకు సుమారు 167 రూపాయలు. వయస్సు పెరిగినకొలది ఈ సంఖ్య పెరుగును. కనుకనే రక్షణమొత్తము మెట్లుమెట్లుగా తగ్గవలెను. కనుకనే కొలువులో నున్నప్పుడే దీని కొఱకు కొంత కూడబెట్టవలెను. ముప్పదియేండ్లు వేసిన చిన్నచందా వడ్డీతో పెరిగి ముసలితనపు చందా భారమును చాలవఱకు తీర్చును. వయస్సున విత్తి వార్ధక్యమున కోసికొనుట సేద్యము చేయువారికి మేము నేర్పవలసిన పాఠము కాదు.

ఇచట మా పాఠకులలో భూవసతిగల కొందఱు మందలింపవచ్చును: వాన కురియనిచో మా కెవ్వరును పింఛను నీయరు, జీతములు, భత్యములు, పింఛనులు పొందిన యుద్యోగులకు ఇంకను రక్షణము లేల? ఆ పన్ను మేమేల మోయవలెను? ఈ యాక్షేపణము త్రోసివేయదగినది కాదు. మేము కోరునది బొక్కసము నుండి దానము కాదు. ఉద్యోగుల చందాతో నడచు నిధిని వారి వార్ధక్యమువఱకు పొడిగింపు మనుటయే. మఱియు ముసలితనమును గూర్చి నిర్భయుడై యున్న యుద్యోగియే ధర్మముగా పనిచేయగలడు. రేపటి భయము నేటి లంచమునకు త్రోవ తీయును. పిమ్మట నీ పద్ధతి యొకచోట నిలబడినచో రైతుబీమా వంటివి కూడ 59 దాటి సాగుటకు మార్గ మేర్పడును. ఉద్యోగికి వేసిన త్రోవ రైతునకును పనికివచ్చును.

కావున మా సూచనలు మూడు. 1990 నాటి బీమా మొత్తములను నేటి జీతములకు సరిపోవునట్లు హెచ్చింపవలెను. కాని ఒక్కసారి కాక, చిన్నయుద్యోగి మోయగల కొలతలో, క్రమక్రమముగా చేయవలెను. విరమించిన తరువాత ఇష్టమైనవారు తగ్గుచుండు మొత్తముతో జీవితాంతమువఱకు బీమాయం దుండుటకు వీలు కల్పింపవలెను. అందుకై పొదుపు నిధిలో నొక భాగమును విడిచిపెట్టు హక్కు వారి కీయవలెను. పింఛనుదారుల సామూహిక బీమాపై పన్ను తొలగింపవలెను. ఎనిమిదవ వేతన సంఘము 2025లో ఏర్పడినది. నివేదికకు 18 నెలల గడు వీయబడినది. ఉద్యోగసంఘములును, పింఛనుదారుల సంఘములును జీతపు హెచ్చింపునుగూర్చి చేయు నాందోళనములో పదవవంతైన నీ విషయమునకు వినియోగింపవలెనని మా మనవి. రెండు తెలుగు రాష్ట్రప్రభుత్వములును తమ జీవిత బీమాశాఖల శతాధికవర్షముల యనుభవమును దీనికి వాడుకొనవలెను.

ఉద్యోగులకును ఒక మాట. పథక మెంత మంచిదైనను కాగితములు సరిగా లేనిచో కుటుంబమునకు మేలు చేకూరదు. కొలువున చేరిననాడు తల్లిపేర వ్రాసిన నామినేషను, పెండ్లియై పిల్లలు కలిగినను మార్పక యుంచినవారు చాలమంది గలరు. కుటుంబము ఏర్పడినపిమ్మట దానిని తిరిగి వ్రాయవలెనన్న నియమమును వారు తలపెట్టరు. నెలనెల జీతపు బిల్లున కోసిన చందా తన ఖాతాలో జమపడినదో లేదో చూచుకొనువారు తక్కువ. ఒక కచేరీ నుండి మఱియొక కచేరీకి బదిలీయైనపుడు సర్వీసు రిజిస్టరులో నమోదులు జారిపోవుట కలదు. ఇరువదియేండ్ల నాటి రసీదు కొఱకు భర్తను కోల్పోయిన స్త్రీ గుమాస్తాల బల్లల చుట్టు తిరుగుట కంటె దైన్యమేమున్నది? ఏటికొక్కసారి తన రిజిస్టరు చూచుకొని, పాలసీపత్రము, ఖాతాసంఖ్య, నామినేషను నకలు భార్యకు చూపి ఆమె చేతి పెట్టెలో నుంచుట ప్రతి యుద్యోగి ధర్మము. ఇందుకు వేతన సంఘము రావలసిన పని లేదు.

శాలువయు దండయు మంచివే. వానిని మేము తక్కువ చేయము. కాని ఆ దండ వాడిన మఱునాటినుండి కుటుంబమునకు అండగా నిలుచునది కావలెను. కొలువున నున్నంతకాలము తమలో నొకని యిల్లు కూలిన నందఱును కలసి నిలబెట్టిన యుద్యోగులు, కొలువు వీడగనే యొకరి కొకరు పరాయివారగుట తగదు. చందా వారిది, నిధి వారిది, అవసరము వారిది. గట్టు కొంచెము పొడిగించి కట్టుటకు పాలకులు మనస్సు పెట్టుదురుగాక యని కోరుచున్నాము.